ఆయిల్ పీడనం తగ్గినప్పుడు డీజిల్ పంపుసెట్టు ఇంజన్ తనంతట తానే ఆగే అమరిక

మొక్కజొన్న పీచు దశలోను, వేరుశనగ ఊడలు దిగే దశలోను ఒక్క తడి తప్పితే, తరువాత ఎన్ని తడులిచ్చినా ఆ నష్టం పూర్తిగా పూడదని సేద్య విభాగపు విద్యార్థులందరికీ తెలిసిన విషయమే. ఆ తడిని ఇవ్వవలసిన ఇంజన్ గురించి మాత్రం మన పాఠాలలో చెప్పేది తక్కువ. విద్యుత్ లైను చేరని పొలాలలోను, కాలువ చివరి భూములలోను, మురుగు కాలువ నుంచి నీరు తోడుకొనే చోట్లలోను నేటికీ డీజిల్ పంపుసెట్టే ఆధారం. రైతు సాయంత్రం ఇంజన్ నడిపించి, మడవలు మార్చడానికి పొలం అవతలి చివరకు వెళ్తాడు. రాత్రి తడి అయితే మధ్యలో ఇంటికి వెళ్లి వచ్చేవారూ ఉన్నారు. అన్ని గంటలూ ఇంజన్ వద్ద ఎవరూ ఉండరు.

కొన్నేళ్ల క్రితం నేను పర్యవేక్షించిన ఒక నీటి యాజమాన్య ప్రయోగంలో ఇటువంటి ఇంజనే ఒక రాత్రి పట్టేసింది. డ్రెయిన్ ప్లగ్ కింది వాషరు అరిగి ఆయిల్ బొట్టు బొట్టుగా కారిపోయింది. మూడు రెప్లికేషన్లలో రెండింటికే నీరు అందింది. మరమ్మతు పూర్తయ్యేసరికి ఆ దశ దాటిపోయి, ఆ సీజను ఫలితాలు పనికిరాకుండా పోయాయి. ఇంజన్ ప్యానెల్‌పై ఎర్రదీపం తన పని తాను చేసింది. దానిని చూసే మనిషే లేడు.

పీడనం పడిపోతే జరిగేది

క్రాంక్ షాఫ్టు తన బేరింగుల లోహాన్ని తాకకుండా పలుచని ఆయిల్ పొరపై తేలుతూ తిరుగుతుంది. ఆ పొరకు అవసరమైన ఆయిల్‌ను పంపు నిరంతరం అందిస్తుంది. సరఫరా ఆగితే పొర తెగి లోహం లోహాన్ని రాస్తుంది. ఆ వేడికి బేరింగు లోపలి మెత్తని పూత కరిగి షాఫ్టుకు అంటుకుంటుంది. పూర్తి లోడుపై నడిచే ఇంజన్‌లో ఈ నష్టానికి గంటలు అక్కరలేదు, కొద్ది నిమిషాలు చాలు. ఆయిల్ కారిపోవడం ఒక్కటే దీనికి కారణం కాదు. ఇంజెక్టరు లోపం వల్ల డీజిల్ కలిసి ఆయిల్ పలుచబడవచ్చు, సంపులోని జాలీ మడ్డితో మూసుకుపోవచ్చు, పీడనాన్ని అదుపు చేసే వాల్వు తెరుచుకొని ఉండిపోవచ్చు. ఇంజన్‌ను కాలువ గట్టుపై వాలుగా నిలిపినా జాలీకి ఆయిల్ అందకపోవచ్చు. డిప్‌స్టిక్‌పై మట్టం సరిగా ఉన్నంత మాత్రాన పీడనం సరిగా ఉన్నదని చెప్పలేము.

అమరికకు పూనుకొనే ముందు ఒక సంగతి నిర్ధారించుకోవాలి. చిన్న పెట్రోలు ఇంజన్లలో అనేకం పంపు లేకుండా, కనెక్టింగ్ రాడ్‌కు ఉన్న చిన్న గరిటె వంటి భాగం ఆయిల్‌ను చిమ్మే పద్ధతిలో నడుస్తాయి. వాటిలో పీడనమన్నదే లేదు. పీడన స్విచ్ బిగిస్తే ఇంజన్ ఎప్పటికీ నడవదు. వాటికి మట్టాన్ని గుర్తించే తేలియాడే స్విచ్ కావాలి. ఇంజన్ పుస్తకంలో ఆయిల్ పీడనం విలువ ఇచ్చారా లేదా అన్నది చూస్తే ఈ సందేహం తీరుతుంది.

ఏ పీడనం వద్ద ఆపాలి?

ఎర్రదీపం కోసం ఇంజన్‌తో వచ్చే స్విచ్ సాధారణంగా 0.3 నుంచి 0.5 బార్ మధ్య పనిచేస్తుంది. ఇంజన్ వేడిగా, లోడు లేకుండా నెమ్మదిగా తిరిగేటప్పుడు దీపం వెలగకుండా ఉండేందుకు ఆ విలువను అంత తక్కువగా ఉంచుతారు. పంపుసెట్టు నడిచేది నెమ్మదిగా కాదు, స్థిరమైన వేగంతో పూర్తి లోడుపై. ప్రతి 1000 చుట్లకు సుమారు 0.7 బార్ పీడనం ఉండాలన్నది మెకానిక్కులు పాటించే మోటు లెక్క. దాని ప్రకారం నిమిషానికి 1500 చుట్లు తిరిగే ఇంజన్‌కు ఒక బార్ పైచిలుకు కావాలి. పీడనం 0.4 బార్‌కు దిగే దాకా వేచి ఉండే స్విచ్, నష్టం మొదలైన తరువాత గాని ఇంజన్‌ను ఆపదు. అందువల్ల పాత స్విచ్‌ను దీపానికే వదిలి, ఆపడానికి ఒక బార్ సమీపంలో పనిచేసే వేరొక స్విచ్‌ను, వీలైతే గేజీతో పాటు, టీ-జోడింపు ద్వారా ఫిల్టరు దాటిన తరువాతి ప్రధాన ఆయిల్ మార్గానికి బిగించడం మేలు. ఇంజన్ పుస్తకంలో కనీస పీడనం పేర్కొని ఉంటే మోటు లెక్కను పక్కన పెట్టి దానినే అనుసరించాలి.

ఎలా ఆపాలి?

డీజిల్ ఇంజన్‌కు స్పార్కు లేదు కనుక విద్యుత్తు తెంచినంత మాత్రాన అది ఆగదు, ఇంధనాన్నే ఆపాలి. చాలామందికి మొదట తట్టేది ట్యాంకు గొట్టంలో ఒక సోలినాయిడ్ వాల్వు పెట్టడం. ఇది సరైన మార్గం కాదు. ఫిల్టరులోను, గొట్టంలోను మిగిలిన డీజిల్‌తో ఇంజన్ ఇంకా కొంతసేపు నడుస్తుంది; బేరింగులకు ఆ కొంతసేపే ప్రాణాంతకం. పైగా ఇంధన మార్గంలోకి గాలి చొరబడి, మళ్లీ నడిపించాలంటే గాలి తీయవలసి వస్తుంది. ఇంజెక్షన్ పంపు వద్ద ఉన్న స్టాప్ లీవరును లాగి ఇంధనాన్ని అక్కడికక్కడే సున్నా చేయాలి. చేతితో ఇంజన్ ఆపేటప్పుడు మనం కదిపేది ఆ లీవరునే.

ఆ లీవరును లాగే సోలినాయిడ్‌ను రెండు విధాలుగా కలపవచ్చు. మొదటి పద్ధతిలో కరెంటు వచ్చినప్పుడు సోలినాయిడ్ లీవరును ఆపే వైపు లాగుతుంది. నడిచేటంతసేపూ బ్యాటరీపై భారం లేదు, ఖర్చు తక్కువ. కాని తీగ ఎలుక కొరికినా, బ్యాటరీ టెర్మినల్ తుప్పు పట్టినా రక్షణ పోయిన సంగతి ఎవరికీ తెలియదు. ఈ పద్ధతిలో మరొక చిక్కు ఉంది. ఇంజన్ ఆగాక పీడనం సున్నా కాబట్టి స్విచ్ కలిసే ఉంటుంది. సోలినాయిడ్‌కు కరెంటు పోతూనే ఉండి, తీగచుట్ట కాలిపోతుంది లేదా తెల్లవారేసరికి బ్యాటరీ ఖాళీ అవుతుంది. సుమారు 20 నుంచి 30 సెకన్ల తరువాత కరెంటు తెంచే టైమర్ రిలే ఇక్కడ తప్పనిసరి.

రెండవ పద్ధతిలో కరెంటు ఉన్నంతవరకే సోలినాయిడ్ లీవరును నడిచే స్థితిలో పట్టి ఉంచుతుంది. కరెంటు పోతే స్ప్రింగు లీవరును ఆపే వైపు లాగేస్తుంది. తీగ తెగినా, ఫ్యూజు పోయినా ఇంజన్ ఆగుతుంది, అంటే లోపం వెంటనే బయటపడుతుంది. రైతుకు ఇది విసుగు కలిగించవచ్చు గాని, మౌనంగా చచ్చిపోయే రక్షణ కన్నా విసుగు కలిగించే రక్షణే నాకు నచ్చుతుంది. ఈ పద్ధతికి పీడనం ఉన్నప్పుడు కలిసి, లేనప్పుడు విడిపోయే స్విచ్ కావాలి. దీపం స్విచ్ దీనికి విలోమంగా పనిచేస్తుంది. సోలినాయిడ్ లాగే క్షణంలో పదుల ఆంపియర్లు, పట్టి ఉంచేటప్పుడు సుమారు ఒక ఆంపియరు తీసుకుంటుంది కాబట్టి, ఆ ప్రవాహాన్ని పీడన స్విచ్ గుండా కాక రిలే గుండా పంపాలి. బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటరు ఉన్న ఇంజన్లకే ఈ పద్ధతి అనువైనది.

హ్యాండిల్‌తో తిప్పి నడిపించే, బ్యాటరీయే లేని ఇంజన్లు మన దగ్గర అనేకం. వాటికి విద్యుత్ అమరికను తగిలించడం కన్నా యాంత్రిక పద్ధతి ఉత్తమం. ఒక చిన్న సిలిండరులోని పిస్టన్‌ను ఆయిల్ పీడనం నెట్టి పట్టుకొంటుంది. పీడనం తగ్గగానే స్ప్రింగు దానిని వెనక్కు నెట్టి, స్టాప్ లీవరును లాగుతుంది. సెన్సారు, రిలే, బ్యాటరీ మూడూ చేసే పనిని ఆ ఒక్క స్ప్రింగే చేస్తుంది.

నడిపించేటప్పుడు వచ్చే చిక్కు

ఇంజన్ తిరగడం మొదలుపెట్టినప్పుడు పీడనం ఉండదు. అందువల్ల రక్షణ దానిని నడవనీయదు. పీడనం పెరిగే 5 నుంచి 10 సెకన్ల వరకు రక్షణను దాటవేసే ఏర్పాటు కావాలి. దీనికి వేలు తీయగానే తనంతట తానే వెనక్కు వచ్చే నొక్కుడు బటన్‌ను గాని, టైమర్‌ను గాని వాడాలి. అటూ ఇటూ వేసే మామూలు స్విచ్ వాడరాదు. ఒకసారి దాటవేత వైపు వేసిన స్విచ్ ఆ సీజనంతా అలాగే ఉండిపోతుంది. నడిచేటప్పుడు క్షణికంగా పీడనం తగ్గితే అనవసరంగా ఆగకుండా రెండు, మూడు సెకన్ల ఆలస్యాన్ని కూడా కల్పించవచ్చు. అంతకు మించి ఇవ్వడం మంచిది కాదు.

ఇదే అమరికను ఏటీవీకి, అంటే ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పశుక్షేత్రాలలో విరివిగా తిరిగే నాలుగు చక్రాల చిన్న వాహనానికి, పెట్టవచ్చా అని విద్యార్థులు అడుగుతుంటారు. సాంకేతికంగా కష్టం కాదు. అది పెట్రోలు ఇంజన్ కనుక ఇగ్నిషన్‌ను ఆపితే చాలు; కొన్ని నమూనాలలో కిల్ తీగను ఎర్త్ చేయాలి, మరికొన్నింటిలో సరఫరాను తెంచాలి. కాని నిటారు వాలులో ఆయిల్ ఒక పక్కకు ఒరిగి క్షణంపాటు పీడనం పడిపోవడం అక్కడ మామూలు. సరిగ్గా అక్కడే ఇంజన్ ఆగితే, కొన్ని నమూనాలలో ఇంజన్ ఇచ్చే బ్రేకు సహాయం కూడా పోయి వాహనం జారవచ్చు. మనిషి ఎక్కి నడిపే యంత్రానికి ప్రకాశవంతమైన దీపం, గట్టి బజర్ చాలు. ఎక్కడ ఆపాలన్న నిర్ణయం అతనికే వదలాలి. పవర్ టిల్లరు, ట్రాక్టరు విషయంలోనూ నా అభిప్రాయం ఇదే.

పరీక్ష, ఆగిన తరువాతి చర్య

అమర్చిన రోజునే కాక, ప్రతి సీజను ఆరంభంలోను, ఆపై నెలకొకసారి పరీక్షించాలి. ఇంజన్ లోడు లేకుండా నడుస్తున్నప్పుడు రెండవ పద్ధతిలో పీడన స్విచ్ తీగను విడదీస్తే, మొదటి పద్ధతిలో ఆ తీగను ఇంజన్ బాడీకి తాకిస్తే, ఇంజన్ ఆగాలి. యాంత్రిక అమరికలో లీవరును చేతితో కదిపి స్ప్రింగు బిగుసుకోలేదని చూడాలి. పరీక్ష కోసం నడుస్తున్న ఇంజన్ ఆయిల్ గొట్టాన్ని విప్పడం ప్రమాదకరం.

రక్షణ పనిచేసి ఇంజన్ ఆగితే, రైతుకు కలిగే మొదటి అనుమానం ఆ పరికరంపైనే. బటన్ నొక్కి పట్టి మళ్లీ నడిపించాలని చూస్తాడు, లేదా మెకానిక్ చేత తీగ తీసివేయిస్తాడు. విస్తరణ సిబ్బంది అమరికతో పాటే ఈ క్రమాన్ని కూడా నేర్పాలి: ముందు ఇంజన్‌ను చల్లబడనిచ్చి ఆయిల్ మట్టం చూడాలి, డిప్‌స్టిక్‌పై డీజిల్ వాసన ఉందేమో గమనించాలి, ప్లగ్గులు, గొట్టాల కింద తడి ఉందేమో వెతకాలి. లోపమేదీ కనిపించకపోతే, వేరొక గేజీ బిగించి అసలు పీడనమెంతో చూసిన తరువాతే స్విచ్‌ను అనుమానించాలి. గేజీ లేని ఊళ్లలో, పది పంపుసెట్లకు ఒక గేజీ చొప్పున కస్టమ్ హైరింగ్ కేంద్రం వద్ద ఉంచినా సరిపోతుంది.