కీమో తరువాత జ్వరం – బూజు వలన వచ్చే జబ్బులు

రొట్టె నాలుగు రోజులు మూతపెట్టి ఉంచితే బూజు పడుతుంది. తడిగోడ మీద, ఎరువు కుప్పలో కూడా బూజు ఉంటుంది. దాని బీజాలు కంటికి కనిపించవు. మనమందరం వాటిని రోజూ గాలితోపాటు పీలుస్తూనే ఉన్నాము. న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు వాటిని చంపివేస్తాయి గనుక మనకేమీ కాదు.

రక్త క్యాన్సర్‌కు కీమోథెరపీ తీసుకునేవారిలో సరిగ్గా ఈ కణాలే పడిపోతాయి. మైక్రోలీటరు రక్తంలో 500 కంటే తగ్గి, చాలా రోజులు అలాగే ఉంటే ఆస్పర్‌జిల్లస్ అనే బూజు ఊపిరితిత్తులలో పెరుగుతుంది. మ్యూకర్ జాతివి ముక్కులో, సైనస్‌లలో, కొందరికి ఊపిరితిత్తులలో చేరుతాయి. 2021లో కోవిడ్ సమయంలో బ్లాక్ ఫంగస్ అని అందరూ భయపడినది ఈ మ్యూకరే. నలుపు బూజుది కాదు. అది రక్తనాళాలను మూసివేయగా చచ్చిపోయిన కండది. ఇది ఒకరి నుండి ఒకరికి అంటదు. రోగికి కంచం విడిగా పెట్టనక్కరలేదు. స్టెరాయిడ్లు వాడేవారికి షుగరు పెరిగితే మ్యూకర్‌కు మరింత అనుకూలం, అందుకే వార్డులో మాటిమాటికీ షుగరు చూస్తాము.

నేను ఎక్కువగా వినే మాట ఒకటుంది: "సిస్టరు గారూ, మాత్ర వేస్తే జ్వరం తగ్గిందండీ, అందుకే రాలేదు." పారాసిటమాల్ థర్మామీటరులో అంకెను దించుతుంది, లోపలి జబ్బును కాదు. కీమో జరుగుతున్నవారికి 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ వచ్చిందంటే ఆ రాత్రే బయలుదేరాలి. ముందు బాక్టీరియా కోసం యాంటిబయాటిక్ ఇస్తారు. నాలుగైదు రోజులైనా జ్వరం దిగకపోతే డాక్టరుగారు బూజును అనుమానించి ఛాతీకి సి.టి. స్కాన్ తీయిస్తారు, అవసరమైతే ముక్క తీసి పరీక్షకు పంపుతారు. బూజు పేరు తెలియడం ముఖ్యం. ఆస్పర్‌జిల్లస్‌కు బాగా పనిచేసే వొరికొనజోల్ మ్యూకర్‌కు పనిచేయదు. దానికి ఆంఫోటెరిసిన్-బి ఎక్కించాలి, చచ్చిన భాగాన్ని ఆపరేషన్ చేసి తీయవలసి రావచ్చు. ఆ మందు మూత్రపిండాలను దెబ్బతీయవచ్చు, పొటాషియంను తగ్గిస్తుంది. మేము తరచూ రక్తం తీస్తే విసుక్కోకండి.

ముఖంలో ఒక పక్క నొప్పి, వాపు, చూపు మసక, అంగిలి మీద నల్లమచ్చ, దగ్గులో రక్తం – వీటిలో ఏది కనిపించినా, జ్వరం లేకున్నా రండి.

ఇల్లు కట్టే చోట, ఎరువు తిరగవేసే చోట రోగిని కూర్చోబెట్టవద్దు. చూడడానికి వచ్చే సంఘస్థులు పూలకు, పూలకుండీలకు బదులు ఒక థర్మామీటరు తెచ్చినా మంచిదే! క్యాజువాలిటీలో అడుగు పెట్టగానే, కీమో ఏ తేదీన జరిగిందో ముందు చెప్పండి. ఆ కార్డు ఇంట్లో బీరువాలో కాక, తలుపు దగ్గరి సంచిలో ఉంచండి.