క్రీడా ఆతిథ్యంలో ఇంటర్న్‌షిప్: మ్యాచ్ రోజు మీకు ఏం నేర్పుతుంది?

(డోర్నకల్, మహబూబాబాద్, పాత వరంగల్ జిల్లా యువతీ యువకుల కోసం అవగాహన పాఠం)

ఈ పాఠం ఎవరికి?

పదో తరగతి, ఇంటర్, ఐటీఐ, డిప్లొమా లేదా డిగ్రీ పాసై, ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకంలో పేరు నమోదు చేసుకున్నవారికి, చేసుకోవాలనుకుంటున్నవారికి. పోర్టల్‌లో "ట్రావెల్, హాస్పిటాలిటీ" అనే రంగం కనబడగానే కొందరు "హోటల్లో ప్లేట్లు ఎత్తే పనే కదా" అని దాటేస్తారు. ఇంకొందరు "క్రికెట్ ప్లేయర్లను దగ్గర నుంచి చూడొచ్చు" అని వెంటనే ఒప్పుకుంటారు. ఇల్లు వదిలి ఏడాది పాటు వెళ్లే ముందు ఆ పని ఏమిటో, చేతికి ఎంత వస్తుందో, ఏం నేర్చుకుని తిరిగొస్తారో తెలుసుకుని నిర్ణయం తీసుకోండి.

1. క్రీడా ఆతిథ్యం అంటే ఏమిటి?

ఒక పోటీ జరగాలంటే ఆటగాళ్లు, కోచ్‌లు, అంపైర్లు, అధికారులు, అతిథులు, విలేకరులు వస్తారు. వాళ్లకు గది, భోజనం, బస్సు, పాస్, కూర్చునే చోటు చూసుకోవడమే క్రీడా ఆతిథ్యం. ఈ పని పెద్ద హోటళ్లు, క్యాటరింగ్ కంపెనీలు, ఈవెంట్ సంస్థలు చేస్తాయి.

మన దగ్గర ఇది కొత్త కాదు. హైదరాబాద్‌లో 2002లో జాతీయ క్రీడలు, 2003లో ఆఫ్రో-ఏషియన్ క్రీడలు, 2007లో ప్రపంచ సైనిక క్రీడలు జరిగాయి. ఉప్పల్ స్టేడియంలో 2005 నుంచి అంతర్జాతీయ క్రికెట్ జరుగుతోంది. 2023 ప్రపంచ కప్‌లో మూడు మ్యాచ్‌లు అక్కడే ఆడారు. 2024 సెప్టెంబరులో గచ్చిబౌలి స్టేడియంలో ఇంటర్‌కాంటినెంటల్ కప్ ఫుట్‌బాల్ జరిగింది. అంత దూరం ఎందుకు, మన హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలోనే 2021 సెప్టెంబరులో 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ చాంపియన్‌షిప్ ఐదు రోజులు జరిగింది. దేశం నలుమూలల నుంచి అథ్లెట్లు వచ్చారు. వచ్చిన ప్రతి ఒక్కరికీ ఎవరో ఒకరు గది చూపించాలి, అన్నం పెట్టాలి, టైంకు ట్రాక్ దగ్గరికి చేర్చాలి.

2. మీ దగ్గర ఇప్పటికే ఉన్న బలం

"మాకేం తెలుసు, మేం ఊరోళ్లం" అనుకోకండి. ఊళ్లో పెళ్లికి ఐదువందల మందికి పంక్తులు వేసి వడ్డించినవాళ్లు మీలో చాలామంది ఉంటారు. ఏ పంక్తికి పప్పు అందలేదో, ఎక్కడ నీళ్లు అయిపోయాయో చూసే కన్ను మీకు అప్పుడే వచ్చింది. డోర్నకల్ జంక్షన్‌లో కాజీపేట, విజయవాడ, భద్రాచలం రోడ్ బండ్లు కలుస్తాయి. ఒక బండి ఆలస్యమైతే తర్వాతి బండి ఎట్లా తప్పిపోతుందో మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తండాల నుంచి వచ్చేవారు ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు మాట్లాడతారు, హిందీ కూడా కొంత అర్థమవుతుంది. నాలుగు రాష్ట్రాల మనుషులు వచ్చే చోట ఇది పెద్ద ఆస్తి. ఇంటర్వ్యూలో ఈ మాట సిగ్గుపడకుండా చెప్పండి.

3. మ్యాచ్ రోజు నేర్పే ఐదు విషయాలు

మొదటిది: గడియారంతో పని చేయడం

టీ20 మ్యాచ్‌లో రెండు ఇన్నింగ్స్ మధ్య విరామం సుమారు 20 నిమిషాలు. లాంజ్‌లో 200 మంది అతిథులు ఉన్నారనుకుందాం. భోజనం కౌంటర్లు నాలుగు. అంటే ఒక్కో కౌంటర్‌కు 50 మంది, 20 నిమిషాల్లో. లెక్క వేస్తే 24 సెకన్లకు ఒకరికి ప్లేటు అందాలి. ఒక కౌంటర్‌లో బిర్యానీ అయిపోయి ఆగిపోతే, మిగతా మూడింటి మీద భారం పడి 18 సెకన్లకు ఒకరు అవుతారు. అప్పుడు పరుగెత్తి లాభం లేదు. అందుకే అనుభవం ఉన్న కెప్టెన్ విరామానికి ముందే ప్లేట్లు, స్పూన్లు పేర్చి పెట్టిస్తాడు, నీళ్లకు వేరే టేబుల్ వేయిస్తాడు, ఆట నడుస్తుండగానే స్నాక్స్ తిప్పించి సగం ఆకలి తీరుస్తాడు. "ఎంతమంది, ఎంతసేపు, ఎన్ని చేతులు" అనే ఈ లెక్క ఆసుపత్రి క్యాంటీన్‌లో, హాస్టల్ మెస్‌లో, రేపు మీరే పెట్టుకునే క్యాటరింగ్‌లో కూడా పనికొస్తుంది.

రెండోది: తిండి భద్రత

వండిన పదార్థం 5 నుంచి 60 డిగ్రీల మధ్య ఎక్కువసేపు ఉంటే క్రిములు వేగంగా పెరుగుతాయి. వేడిది వేడిగా, చల్లది చల్లగా ఉండాలి అనడానికి కారణం ఇదే. ఏప్రిల్, మే ఎండల్లో స్టేడియంలో ఇది ఇంకా ముఖ్యం. థర్మామీటర్ పెట్టి చూసి, టైం వేసి, రిజిస్టర్‌లో రాయడం నేర్చుకోండి. అలాగే ఎవరికి ఏది పడదో తెలుసుకోవాలి. మన పల్లీ చట్నీ మనకు ఇష్టమే, పల్లీలు పడని మనిషికి అదే ప్రాణం మీదికి తెస్తుంది. "ఇందులో పల్లీలు ఉన్నాయా?" అని అతిథి అడిగితే "లేవనుకుంటా సార్" అనకూడదు. "కనుక్కుని చెప్తాను సార్" అని వంటగదిలో అడిగి వచ్చి చెప్పాలి.

మూడోది: ఆటగాడి సీసా

డోపింగ్ నిబంధనల ప్రకారం తన ఒంట్లో దొరికిన నిషేధిత పదార్థానికి ఆటగాడే బాధ్యుడు. "నాకు తెలియకుండా ఎవరో కలిపారు" అంటే సరిపోదు, అది నిరూపించుకోవాలి. అందుకే చాలామంది ఆటగాళ్లు మూత తీసి ఉన్న సీసా ముట్టుకోరు. మీరు మర్యాద కోసం మూత తీసి ఇస్తే అతను తాగకుండా పక్కన పెట్టొచ్చు, దాన్ని అవమానం అనుకోకండి. సీలు వేసిన సీసా ఇవ్వండి, తాగే మనిషినే తీయనివ్వండి. తలనొప్పి అంటే మీ జేబులోని మాత్ర ఇవ్వకండి, టీం డాక్టర్‌కు చెప్పండి. పర్వతగిరి మండలం కల్లెడ నుంచి వెళ్లి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చిన జీవాంజి దీప్తి మీకు తెలుసు. అలాంటి క్రీడాకారిణికి ఏళ్ల కష్టం ఉంటుంది. ఆ కష్టాన్ని కాపాడే పనిలో మీ చెయ్యి కూడా ఉంటుంది.

నాలుగోది: పాస్, నోరు

స్టేడియంలో ఎవరి పాస్‌తో ఎక్కడిదాకా వెళ్లొచ్చో ముందే రాసి ఉంటుంది. మీ పాస్ లాంజ్‌ దాకానే అయితే అక్కడే ఆగాలి. తమ్ముడికి ఇవ్వడం, ఫొటో తీసి స్టేటస్ పెట్టడం రెండూ తప్పే. క్రికెట్‌లో ఆటగాళ్లు, అంపైర్లు ఉండే భాగంలో మ్యాచ్ నడిచేటప్పుడు ఫోన్లపై ఆంక్షలు ఉంటాయి. "ఫలానా ప్లేయర్ ఇవాళ ఆడుతున్నాడా? కాలు నొప్పి అంటున్నారు, నిజమేనా?" అని ఎవరైనా తీయగా అడిగి, డబ్బులు ఇస్తామంటే అది పందాల కోసం కావచ్చు. జవాబు చెప్పొద్దు, డబ్బు ముట్టొద్దు, వెంటనే సూపర్‌వైజర్‌కు చెప్పండి. హోటల్లో గది నంబరు, అతిథి పేరు బయట చెప్పకపోవడం కూడా ఇదే పాఠం.

ఐదోది: కోపంగా ఉన్న మనిషితో మాట్లాడడం

జట్టు ఓడిపోతే, వాన పడితే, ఏసీ ఆగిపోతే అతిథి మీ మీద అరుస్తాడు. ముందు పూర్తిగా వినండి. సమస్య ఏమిటో ఒక్క వాక్యంలో తిరిగి చెప్పండి. మీ చేతిలో ఉన్నది ఎన్ని నిమిషాల్లో చేస్తారో చెప్పండి. మీ చేతిలో లేనిది ఎవరికి చెప్తారో చెప్పండి. ఆ టైంకు వెనక్కి వెళ్లి కనబడండి. ఈ చివరిదే చాలామంది మర్చిపోతారు.

4. ఆట లేని రోజుల సంగతి

ఐపీఎల్ ఏడాదిలో సుమారు రెండు నెలలే. హైదరాబాద్‌లో జరిగే మ్యాచ్‌లు అందులో కొన్నే. అందువల్ల మ్యాచ్‌లనే నమ్ముకున్న చోట చేరితే మిగతా నెలల్లో మీకు నేర్పడానికి పని ఉండకపోవచ్చు. జట్లు బస చేసే హోటల్ లేదా ఏడాది పొడవునా నడిచే క్యాటరింగ్ కంపెనీ అయితే మిగతా రోజుల్లో ఫ్రంట్ ఆఫీస్, హౌస్‌కీపింగ్, వంటగది, బాంక్వెట్ హాల్ అన్నీ తిరగొచ్చు. "ఏయే విభాగాల్లో ఎన్ని నెలలు వేస్తారు?" అని ముందే అడగండి. పన్నెండు నెలలూ ఒకే మూల ప్లేట్లు ఎత్తితే ఏడాది గడుస్తుంది కానీ పని రాదు.

5. పథకం నియమాలు, డబ్బు లెక్క

ఈ పథకం 2024 అక్టోబరు 3న పైలట్‌గా మొదలైంది. అప్పుడు పెట్టిన నియమాలు ఇవి. దరఖాస్తు చేసే రోజున పోర్టల్‌లో ఉన్న నియమాలు మరోసారి చూసుకోండి.

• వయసు 21 నుంచి 24 ఏళ్లు. వ్యవధి 12 నెలలు.
• నెలకు రూ.5,000. ఇందులో కంపెనీ రూ.500, కేంద్ర ప్రభుత్వం రూ.4,500 ఇస్తాయి. ప్రభుత్వ వాటా ఆధార్‌తో జత చేసిన బ్యాంకు ఖాతాలో పడుతుంది.
• చేరినప్పుడు ఒక్కసారి రూ.6,000.
• జీవన్ జ్యోతి, సురక్షా బీమా. ప్రీమియం ప్రభుత్వమే కడుతుంది.
• కుటుంబ వార్షిక ఆదాయం రూ.8 లక్షలు దాటకూడదు. ఇంట్లో పర్మనెంట్ ప్రభుత్వ ఉద్యోగి ఉండకూడదు.
• రెగ్యులర్ కాలేజీలో చదువుతున్నవారికి, పూర్తికాల ఉద్యోగం చేస్తున్నవారికి వర్తించదు. దూరవిద్య, ఆన్‌లైన్ చదువు అయితే పర్వాలేదు.
• ఇదివరకే ప్రభుత్వ అప్రెంటిస్ పథకంలో శిక్షణ పూర్తి చేసినవారు అర్హులు కారు. ఈ సంగతి తెలియక చాలామంది వెనక్కి రావాల్సి వస్తుంది.
• నమోదుకు ఫీజు లేదు. "సీటు ఇప్పిస్తా, మూడు వేలు పంపు" అనేవారికి రూపాయి కూడా కట్టొద్దు. మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

ఇప్పుడు అసలు లెక్క. హైదరాబాద్‌లో హాస్టల్ ఖర్చుకే ఈ రూ.5,000 చాలకపోవచ్చు. రాత్రి మ్యాచ్ అయ్యాక బస్సు దొరకకపోతే ఆటో ఖర్చు వేరు. కంపెనీ ఉండటానికి చోటు, డ్యూటీలో భోజనం, రాత్రి బండి ఇస్తే ఈ ఇంటర్న్‌షిప్ గిట్టుబాటు అవుతుంది. ఇవ్వకపోతే ప్రతి నెలా ఇంటి నుంచే డబ్బు పంపాల్సి వస్తుంది. మిర్చి అమ్మిన డబ్బులో నుంచి అమ్మానాన్నలు ఎంత ఇవ్వగలరో వాళ్లతో కూర్చుని ముందే మాట్లాడుకోండి. రెండు నెలలకే తిరిగి రావడం కంటే, ముందే ఆలోచించి ఇంకో అవకాశం కోసం ఆగడం నయం.

6. ఒప్పుకునే ముందు అడగాల్సిన ప్రశ్నలు

• పని చేసే చోటు ఏది? ఉండటానికి చోటు ఇస్తారా?
• డ్యూటీ ఎన్ని గంటలు? వారానికి సెలవు ఎప్పుడు?
• రాత్రి షిఫ్ట్ అయితే ఇంటికి ఎట్లా చేరుస్తారు?
• భోజనం, యూనిఫాం, బూట్లు ఎవరివి?
• నన్ను చూసుకునే సూపర్‌వైజర్ ఎవరు?
• చివర్లో ఇచ్చే సర్టిఫికెట్‌లో నేను చేసిన విభాగాల పేర్లు రాస్తారా?

జవాబులు నోటితో కాదు, మెసేజ్‌లో గానీ మెయిల్‌లో గానీ తీసుకోండి.

7. రోజూ ఐదు నిమిషాల డైరీ

ఈ పాఠంలో ఒక్కటే గుర్తుంచుకుంటామంటే ఇది గుర్తుంచుకోండి: చేసిన పని రాసుకుంటేనే అది మీ చదువు అవుతుంది. రోజూ నాలుగు సంగతులు రాయండి. ఇవాళ ఏ పని చేశాను? ఎంతమందికి, ఎంతసేపట్లో? ఏది తప్పింది, ఎట్లా సరిచేశాం? రేపు ఏం అడగాలి?

ఏడాది తర్వాత ఉద్యోగానికి వెళ్లినప్పుడు తేడా చూడండి. "హోటల్లో పని చేశాను" అని చెప్పేవారు చాలామంది. "బాంక్వెట్‌లో మూడు నెలలు చేశాను. 20 నిమిషాల విరామంలో 200 మందికి వడ్డించే బృందంలో ఒక కౌంటర్ చూశాను. ఉష్ణోగ్రత రిజిస్టర్ నేనే రాసేదాన్ని" అని చెప్పే అమ్మాయిని మళ్లీ పిలుస్తారు. మీరు నిజంగా చేసిన పని, నిజమైన అంకెలు మాత్రమే చెప్పండి.

8. మీ భద్రత

పని చోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం, 2013 ఇంటర్న్‌గా, ట్రైనీగా ఉన్న మహిళలకూ వర్తిస్తుంది. పది మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ప్రతి సంస్థలో ఫిర్యాదుల కమిటీ ఉండాలి. తక్కువ మంది ఉంటే జిల్లా స్థాయి కమిటీకి చెప్పొచ్చు. జరిగిన మూడు నెలల లోపు ఫిర్యాదు రాసి ఇవ్వాలి. మహిళా హెల్ప్‌లైన్ 181, అత్యవసరానికి 112. "అతిథి పెద్ద మనిషి, సర్దుకో" అని ఎవరన్నా సరే, సర్దుకోవాల్సిన పని లేదు.

అభ్యాసం

(1) మీ ఊళ్లో ఈ మధ్య జరిగిన పెళ్లి తలుచుకోండి. 300 మంది, పంక్తికి 60 మంది, ఒక్కో పంక్తికి 25 నిమిషాలు. అందరి భోజనం అయ్యేసరికి ఎంతసేపు? (జవాబు: 5 పంక్తులు, 125 నిమిషాలు.) దీన్ని 100 నిమిషాలకు తేవాలంటే ఏం మారుస్తారు?

(2) పొద్దున 7 గంటలకు పరుగు పందెం ఉన్న అథ్లెట్‌కు హాస్టల్లో తేలికపాటి తిండి తెల్లవారుజామున 5 గంటలకు కావాలి. వంటగదిలో ఎవరు ఎన్నింటికి లేవాలి? వెనక నుంచి ముందుకు లెక్క వేసి రాయండి.

(3) మీ నెల ఖర్చు కాగితం మీద వేయండి. రూ.5,000కి ఎంత తక్కువ పడుతుందో చూసి, ఆ కాగితం ఇంట్లో చూపించండి.

ఈ పీడీఎఫ్‌ను మీ స్నేహితులకు పంపండి. చదవడం రాని పెద్దవాళ్లుంటే, ముఖ్యంగా 5, 6, 8 భాగాలు చదివి వినిపించండి.