ఆటగాని సంచి

పాఠ్యభాగ ప్రవేశం

ఆటలను గురించిన రచనలలో విజేతల పేర్లు, పతకాల లెక్కలు విరివిగా కనిపిస్తాయి. ఆటగాని చేతిలోని కర్రను గురించి, కాలి క్రింది చక్రాన్ని గురించి, ముఖానికున్న ముసుగును గురించి చెప్పేవి అరుదు. మంచుపైన, చక్రాలపైన ఆడే హాకీలో ఉపకరణం లేనిదే ఆట లేదు. ఆ ఉపకరణాలు ఎలా పుట్టాయి, ఆటగాళ్లు వాటిని తమకు అనువుగా ఎలా మలచుకొన్నారు, వాటి ఎంపికలో ఏ జాగ్రత్త అత్యవసరం అనే విషయాలను ఈ పాఠం వివరిస్తుంది.

పాఠ్యభాగం

హైదరాబాదు పాతనగరపు వర్తక వాడలలో ఉస్మాన్‌గంజ్ ఒకటి. బేగంబజారు, అఫ్జల్‌గంజ్ దీనికి ఇరుగుపొరుగు వాడలు. 'గంజ్' అంటే టోకు వ్యాపారం సాగే బజారు. ఇటువంటి బజార్లలో ఆరితేరిన వర్తకుడు సరుకును కంటితో చూసి ఊరుకోడు. ధాన్యాన్ని గుప్పిట పట్టి చూస్తాడు. తాడును పురి విప్పి చూస్తాడు. ఇనుప సామానును చేతిలో ఎత్తి బరువు అంచనా వేస్తాడు. సరుకు గుణం చేతికి తెలియాలన్నది బజారు నేర్పే పాఠం. హాకీ ఆటగాడు తన సంచిలోని ప్రతి వస్తువు విషయంలోనూ నేర్చుకోవలసిన పాఠం కూడా ఇదే.

మన దేశంలో హాకీ అనగానే పచ్చిక మైదానం గుర్తుకు వస్తుంది. దానికి మరి మూడు తోబుట్టువులున్నాయి. మంచుగడ్డపై ఉక్కు అంచుల బూట్లతో ఆడేది ఐస్ హాకీ. ముందు రెండు, వెనుక రెండు చక్రాలున్న బూట్లతో, వంపు కర్రతో, గట్టి బంతితో ఆడేది రోలర్ హాకీ. ఒకే వరుసలో చక్రాలు బిగించిన బూట్లతో పక్ అనే చదునైన బిళ్లను కొడుతూ ఆడేది ఇన్‌లైన్ హాకీ. చక్రాల ఆటలను పర్యవేక్షించే భారత రోలర్ స్కేటింగ్ సమాఖ్య 1955లో ఏర్పడింది. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో రోలర్ హాకీని ప్రదర్శన క్రీడగా ఆడించారు.

హైదరాబాదులో చెరువులు గడ్డకట్టవు. అయినా నగరానికి స్కేటింగ్ కొత్త కాదు. ఇందిరా పార్కు స్కేటింగ్ రింకు ఎందరో బాలబాలికలకు తొలి బడి. హైదరాబాదుకు చెందిన అనూప్ కుమార్ యామ 2010 గ్వాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో కళాత్మక స్కేటింగులో రెండు కాంస్య పతకాలు సాధించి, 2015లో అర్జున పురస్కారం పొందాడు. చక్రాలపై అలవడిన సమతౌల్యం మంచుపై కూడా అక్కరకు వస్తుంది. అందుకే మన దేశంలో మంచు స్కేటింగ్ చేసేవారిలో పలువురు మొదట చక్రాలపై అడుగులు వేసినవారే.

చక్రాల బూటు చరిత్ర ఒక పరాభవంతో మొదలవుతుంది. పద్దెనిమిదో శతాబ్దంలో జాన్ జోసెఫ్ మెర్లిన్ అనే ఆవిష్కర్త లండన్‌లో చక్రాల బూట్లు తొడుక్కొని, వాయులీనం వాయిస్తూ ఒక విందుకు వచ్చాడట. ఆగడం, మలుపు తిరగడం చేతకాక విలువైన నిలువుటద్దాన్ని ఢీకొన్నాడని ప్రసిద్ధి. ముందుకు పోయే ఉపాయం దొరికింది గాని, మలుపు తిరిగే ఉపాయం దొరకలేదు. ఆ ఉపాయాన్ని 1863లో అమెరికాలో జేమ్స్ ప్లింప్టన్ కనుగొన్నాడు. ఆయన రూపొందించిన నాలుగు చక్రాల బూటులో, దేహం ఒక ప్రక్కకు ఒరిగితే చక్రాల ఇరుసులు కూడా ఆ వైపుకే తిరుగుతాయి. 1880 దశకంలో చక్రాలలోకి ఉక్కు గుండ్ల బేరింగులు వచ్చి ఒరిపిడిని తగ్గించాయి.

ఒంటివరుస చక్రాల బూటు తిరిగి ప్రాచుర్యంలోకి రావడానికి పాత సామాను కారణం. 1980 ప్రాంతంలో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో స్కాట్ ఓల్సన్ అనే యువ ఐస్ హాకీ ఆటగాడికి ఒంటివరుస చక్రాల పాత బూట్లు కంటబడ్డాయి. మంచులేని వేసవిలో సాధన చేయడానికి అవి పనికివస్తాయని అతడు గ్రహించాడు. హాకీ బూట్లకు మెరుగైన చక్రాలు బిగించి, మార్పులు చేసి అమ్మసాగాడు. 'రోలర్‌బ్లేడ్' అనే పేరు అలా పుట్టింది. ఇతరులకు పాత సామానుగా తోచినదానిలో ఒక ఆటగాడు తన అవసరాన్ని చూడగలిగాడు.

ఇక బూటు నిర్మాణాన్ని పరిశీలిద్దాం. జతకు ఎనిమిది చక్రాలు, ఒక్కొక్క చక్రానికి రెండు బేరింగులు, వెరసి పదహారు. వీటిలో అధికభాగం '608' అనే ప్రామాణిక కొలతకు చెందినవి. వీటి లోపలి వ్యాసం 8 మిల్లీమీటర్లు, వెలుపలి వ్యాసం 22 మిల్లీమీటర్లు, మందం 7 మిల్లీమీటర్లు. చిన్న విద్యుత్ మోటార్లలోనూ, పలు యంత్రాలలోనూ వాడేవి ఇవే. అందువల్ల ఖరీదైన క్రీడా దుకాణానికే వెళ్లనక్కరలేదు, యంత్ర సామగ్రి అమ్మే అంగడిలోనూ ఇవి లభిస్తాయి. బేరింగులో దుమ్ము చేరితే చక్రం గరగరలాడుతుంది. నీటితో కడిగితే తుప్పు పడుతుంది. విప్పి, తగిన ద్రావకంతో శుభ్రపరచి, పూర్తిగా ఆరనిచ్చి, ఒకటి రెండు చుక్కల పలుచని నూనె వేయాలి.

చక్రాల విషయంలోనూ వివేకం అవసరం. గరుకైన సిమెంటు నేలకు గట్టి చక్రం, నున్నని లోపలి నేలకు మెత్తని చక్రం అనుకూలం. గట్టి చక్రం నున్నని నేలపై జారుతుంది, మెత్తని చక్రం గరుకు నేలపై త్వరగా అరుగుతుంది. ఆటగాడు లోపలి అంచుపై ఎక్కువ బరువు మోపడం వల్ల చక్రాలు ఒక ప్రక్కనే అరుగుతాయి. వాటిని అప్పుడప్పుడు విప్పి, ప్రక్కలు మార్చి బిగిస్తే ఆయుష్షు పెరుగుతుంది. మంచు బూటుది వేరొక మర్మం. దాని ఉక్కుపట్టీ అడుగుభాగాన సన్నని గాడి ఉంటుంది. ఆ గాడికి ఇరువైపులా ఏర్పడే రెండు అంచులే మంచును పట్టుకొంటాయి. గాడి లోతుగా ఉంటే పట్టు పెరిగి మలుపులు సులువవుతాయి, వేగం కొంత తగ్గుతుంది. నిస్సారంగా ఉంటే దీనికి విపర్యయం. ఎవరికి ఎంత లోతు తగునన్నది వారి బరువును బట్టి, ఆడే తీరును బట్టి నిర్ణయమవుతుంది. ఆటగాళ్ల మధ్య ఎడతెగని చర్చలకు ఇది మూలం.

కర్ర విషయంలో చర్చ మరింత తీవ్రం. రోలర్ హాకీ కర్ర పొడవు 90 నుండి 115 సెంటీమీటర్ల వరకు ఉండాలి, బరువు 500 గ్రాములు మించరాదు. ఐస్ హాకీ కర్ర బూట్లు తొడుక్కొన్నపుడు గడ్డం దాకా రావాలన్నది వాడుక. పిడికి, అడుగు పలకకు గుడ్డపట్టీ చుట్టే తీరులో ఒక్కొక్కరిది ఒక్కొక్క బాణీ. 1960 దశకంలో షికాగో జట్టు ఆటగాడు స్టాన్ మికిటా కర్ర సాధనలో పగిలి వంగిపోయింది. విసుగుతో ఆ వంకర కర్రతోనే పక్‌ను కొట్టగా అది విచిత్రమైన గతిలో దూసుకుపోయింది. నాటి నుండి అతడు కర్ర పలకను కావాలని వంచడం ప్రారంభించాడు. ఆ పద్ధతి ఇతరులకూ వ్యాపించింది. పక్ ఎటు వస్తుందో తెలియక గోల్‌కీపర్లకు ప్రమాదం పెరగడంతో, అధికారులు వంపుకు హద్దు విధించవలసి వచ్చింది. ఒకరికి కలిగే లాభం మరొకరికి ప్రాణసంకటం కాకూడదన్న వివేకం నియమంగా మారింది.

పాత ఉపకరణాలను సేకరించేవారిని చూసి కొందరు నవ్వుతారు. కెనడాలోని నోవాస్కోషియా ప్రాంతంలో ఒక క్షురకశాల గోడకు చాలాకాలం ఒక పాత హాకీ కర్ర వేలాడుతూ ఉండేది. ఒక సేకర్త దానిని కొని, దాని పుట్టుపూర్వోత్తరాలు వెదికించాడు. కొయ్యను పరీక్షించిన నిపుణులు అది 1830 దశకంలో మేపుల్ కలపతో చెక్కినదని తేల్చారు. 2015లో కెనడా చరిత్ర ప్రదర్శనశాల దానిని 3,00,000 డాలర్లకు సేకరించింది. కొయ్యముక్క మారలేదు, దానిని గురించిన జ్ఞానం పెరిగింది. సేకరణ సార్థకమయ్యేది వస్తువు వెనుక కథను పరిశోధించినపుడే.

ఉపకరణాలలో అతి ముఖ్యమైనది ప్రాణాన్ని కాపాడేది. ఐస్ హాకీ పక్ గట్టి రబ్బరు బిళ్ల. దాని బరువు 156 నుండి 170 గ్రాములు. గంటకు 150 కిలోమీటర్లకు పైగా వేగంతో వచ్చే ఈ బిళ్లను ఒకప్పుడు గోల్‌కీపర్లు ముఖానికి ఏ అడ్డూ లేకుండా ఎదుర్కొనేవారు. ముసుగు ధరించడం పిరికితనమని నాటి భావన. 1959 నవంబరు 1న న్యూయార్క్‌లో జరిగిన ఆటలో మాంట్రియల్ గోల్‌కీపర్ జాక్ ప్లాంట్ ముఖానికి పక్ తగిలి రక్తం చిమ్మింది. కుట్లు వేయించుకొన్న ప్లాంట్, సాధనలో తాను వాడుతున్న ముసుగు లేకుండా తిరిగి ఆడనని పట్టుబట్టాడు. చూపుకు అడ్డమవుతుందని శంకించిన శిక్షకుడు వేరే దారిలేక అంగీకరించాడు. ఆ రాత్రి మాంట్రియల్ గెలిచింది. క్రమంగా ముసుగు లేని గోల్‌కీపరు కనిపించడమే అరుదైంది. అనంతరం బాస్టన్ గోల్‌కీపర్ జెర్రీ చీవర్స్ ఒక వినూత్న పద్ధతి పాటించాడు. పక్ ముసుగుకు తగిలినపుడల్లా, ముసుగు లేకుంటే ఎక్కడ కుట్లు పడేవో అక్కడ నల్లని కుట్ల గీతలు వేయించేవాడు. చూసేవారికి అది అలంకారం. ఆలోచించేవారికి అది తప్పిన గాయాల పట్టిక.

ఇతర రక్షణకవచాలు కూడా తేలికగా రాలేదు. 1968 జనవరిలో హెల్మెట్ లేని బిల్ మాస్టర్టన్ మంచుపై వెనుకకు పడి, తలకు తగిలిన దెబ్బతో మరణించాడు. అయినా ఉత్తర అమెరికా జాతీయ హాకీ లీగ్ కొత్త ఆటగాళ్లకు హెల్మెట్‌ను తప్పనిసరి చేసినది 1979లో. 2023 అక్టోబరు 28న ఇంగ్లాండులోని షెఫీల్డ్‌లో ఆట నడుమ ఆడమ్ జాన్సన్ మెడకు మరొక ఆటగాని బూటు అంచు తగిలి అతడు అసువులు బాశాడు. ఆ తరువాతనే అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్య తన పోటీలన్నిటిలో మెడపట్టీని తప్పనిసరి చేసింది. నియమాల పుస్తకంలోని ఒక్కొక్క వాక్యం వెనుక ఒక్కొక్క విషాదం ఉంది.

ఉపకరణాలు కొనలేని వారి మాటేమిటి? దీనికి లడఖ్ సమాధానం చెబుతుంది. అక్కడ శీతకాలంలో చెరువులు గడ్డకడతాయి. తొలినాళ్ల ఆటగాళ్లు సైనికుల బూట్లకు ఇనుప పట్టీలు బిగించుకొని ఆడారు. ఒకే జత బూట్లు చేతులు మారుతూ పలువురికి ఉపయోగపడేవి. క్రమంగా విదేశీ మిత్రులు వాడిన సామగ్రిని సంచులలో మోసుకువచ్చి ఇచ్చారు. 2018 జనవరిలో కెనడా క్రీడాకారిణి హేలీ వికెన్‌హైజర్ లడఖ్‌కు వచ్చి బాలికలతో ఆడింది, సామగ్రి అందజేసింది. ప్రధానంగా లడఖ్ యువతులతో కూడిన భారత మహిళా జట్టు 2016లో తొలిసారి అంతర్జాతీయ పోటీలో పాల్గొన్నది. 2017లో ఫిలిప్పీన్స్‌పై 4–3 తేడాతో తొలి విజయం సాధించింది. 2025లో ఆసియా కప్ కాంస్య పతకం గెలుచుకొన్నది. అరువు బూట్లతో మొదలైన ఆట పతకపు వేదికకు చేరింది.

ఈ ఉదంతాల నుండి ఒక విచక్షణ ఏర్పడుతుంది. బేరింగులు, మరలు, బూటు తాళ్లు, కర్రకు చుట్టే పట్టీలు బజారులో బేరమాడి కొనవచ్చు. పాత బూటును బాగుచేసి వాడవచ్చు. చిన్నవారికి చాలని బూట్లను తరువాతి వారికి అందించడం మంచి సంప్రదాయం. కాని పగులు పట్టిన హెల్మెట్‌ను జిగురుతో అతికించి వాడరాదు. తలకు వదులైనదానిని గుడ్డ కుక్కి సరిపెట్టరాదు. గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపించినా, లోపలి పొర నలిగిపోయి రెండవ దెబ్బకు కాపాడలేకపోవచ్చు. రూపాయిని లెక్కించడం తెలిసినవాడు, రూపాయితో కొలవరానిది ఏదో కూడా తెలుసుకోవాలి. ఈ రెండు విద్యలూ ఎరిగినవాని సంచి చిన్నదైనా నిండైనది.

కఠిన పదాలు – అర్థాలు

ఒరిపిడి = రాపిడి
విపర్యయం = వ్యతిరేకం, తారుమారు
ప్రాణసంకటం = ప్రాణాపాయం
క్షురకశాల = మంగలి అంగడి
సేకర్త = సేకరించేవాడు
వాయులీనం = వయొలిన్
అసువులు బాయు = మరణించు
విచక్షణ = మంచిచెడ్డలు తెలిసే వివేకం

భాషాంశాలు

అత్యవసరం = అతి + అవసరం – యణాదేశ సంధి
వేరొక = వేరు + ఒక – ఉత్వ సంధి
ఉక్కుపట్టీ = ఉక్కుతో చేసిన పట్టీ – తృతీయా తత్పురుష సమాసం
నాలుగు చక్రాలు = నాలుగు సంఖ్య గల చక్రాలు – ద్విగు సమాసం
బాలబాలికలు = బాలురును, బాలికలును – ద్వంద్వ సమాసం

ప్రశ్నలు

అ) క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. ఐస్ హాకీలో రక్షణకవచాలు తప్పనిసరి అయిన క్రమాన్ని వివరించండి.
2. ఆటగాళ్లు ఉపకరణాలను తమకు అనువుగా మలచుకొన్న తీరును సోదాహరణంగా వ్రాయండి.

ఆ) క్రింది ప్రశ్నలకు ఐదు పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. బేరింగుల సంరక్షణలో పాటించవలసిన జాగ్రత్తలేవి?
2. కర్ర వంపుకు హద్దు ఎందుకు విధించవలసి వచ్చింది?
3. పాత హాకీ కర్రకు విలువ ఎలా ఏర్పడింది?

ఇ) ఏకవాక్య సమాధానాలు వ్రాయండి.
1. నాలుగు చక్రాల బూటును రూపొందించినవారు ఎవరు?
2. జెర్రీ చీవర్స్ ముసుగుపై ఏమి వేయించేవాడు?
3. భారత మహిళా ఐస్ హాకీ జట్టు తొలి విజయం ఏ దేశంపై సాధించింది?