రేడియో పెంచిన వాద్యబృందం

చి. అమ్మడికి,

వయొలిన్ సాధనతో పాటు పాశ్చాత్య సంగీత చరిత్ర కూడా చదవాలని ఉందనీ, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమనీ రాశావు. చాలామంది గొప్ప స్వరకర్తల జీవితాలతో మొదలుపెడతారు. నువ్వు ఒక ఆర్కెస్ట్రా చరిత్రతో మొదలుపెట్టు తల్లీ. కాగితం మీది స్వరం మన చెవిన పడటానికి ఎన్ని చేతులు, ఎంత ఓపిక, ఎవరి డబ్బు కావాలో అప్పుడే అర్థమవుతుంది. అందుకు జర్మనీలోని బాడెన్-బాడెన్ రేడియో సింఫనీ ఆర్కెస్ట్రాను మించిన పాఠం నాకు తెలియదు.

రెండో ప్రపంచ యుద్ధంలో ఓడిన జర్మనీని గెలిచిన దేశాలు నాలుగు భాగాలుగా పంచుకున్నాయి. ఫ్రాన్స్ చేతికొచ్చిన నైరుతి ప్రాంతంలో, బాడెన్-బాడెన్ కేంద్రంగా 1946లో సూడ్‌వెస్ట్‌ఫుంక్ అనే రేడియో సంస్థ ఏర్పడింది. ఆ ఏడే దానికి సొంత ఆర్కెస్ట్రా కూడా సమకూరింది. అంతకు ముందు పన్నెండేళ్ల నాజీ పాలనలో ఆధునిక సంగీతాన్ని పతనమైన కళ అని ముద్రవేసి అణగదొక్కారు. షూన్‌బెర్గ్ వంటి స్వరకర్తలు దేశం వదిలిపోయారు. తెగిపోయిన ఆ దారిని మళ్లీ కలపాలని సంస్థ సంగీత విభాగాధిపతి హైన్రిష్ ష్ట్రోబెల్ పట్టుబట్టాడు. 1948లో హాన్స్ రోస్‌బౌడ్ ప్రధాన కండక్టర్‌గా వచ్చాడు. యుద్ధానికి ముందే ఫ్రాంక్‌ఫర్ట్ రేడియోలో కొత్త సంగీతాన్ని వినిపించిన అనుభవం ఆయనది.

ఇక్కడ ఒక్క సంగతి బాగా గుర్తుపెట్టుకో. టికెట్ల మీద బతికే ఆర్కెస్ట్రా జనానికి ముందే నచ్చినవాటిని వదిలి ఎంతో దూరం పోలేదు. ఈ ఆర్కెస్ట్రా ఖర్చు భరించింది శ్రోతలు కట్టే రేడియో రుసుము. అందుకే ఎవరూ ఎరగని కష్టమైన రచనకు కూడా కావలసినన్ని రిహార్సళ్లు చేయగలిగారు. పంట ఇంటికి రాగానే విత్తనాల వడ్లు విడిగా తీసిపెట్టే రైతు పని అది.

ఆ విత్తనాలు మొలిచిన ఊరు డొనావెషింగెన్. డాన్యూబ్ నది పుట్టుక చెప్పుకునే ఆ చిన్న ఊళ్లో 1921 నుంచే కొత్త సంగీతానికి ఉత్సవం ఉంది. 1950లో సూడ్‌వెస్ట్‌ఫుంక్ దానికి అండగా నిలిచింది. 1955లో జెనాకిస్ రాసిన 'మెటాస్టాసిస్', 1960లో మెస్సియాన్ 'క్రోనోక్రోమీ', 1961లో లిగెటి 'అట్మోస్ఫియర్స్' మొదటిసారి వినిపించింది అక్కడే. వాయించింది ఈ ఆర్కెస్ట్రా, నడిపింది రోస్‌బౌడ్.

వయొలిన్ పట్టిన నువ్వు 'అట్మోస్ఫియర్స్' దగ్గర కాస్త ఆగాలి. మామూలు సింఫనీలో ఒక వరుస వయొలిన్లన్నీ కలిసి ఒకే పాట వాయిస్తాయి. లిగెటి మాత్రం ప్రతి తంత్రీ వాద్యకారుడికీ విడివిడిగా స్వరాలు రాశాడు. పాట గానీ తాళం గానీ చెవికి ఆనవు. మెల్లగా రంగు మారే ఒక ధ్వని రాశి మాత్రమే వినిపిస్తుంది. పక్కవాడి ఆసరా లేకుండా ఎవరి స్వరం వాళ్లు నిలుపుకోవాలి, అయినా ఏ ఒక్కరూ పైకి తేలకూడదు. తొలిరోజే సభ మళ్లీ వాయించమని అడిగింది, వాయించారు. రోస్‌బౌడ్ 1962లో కన్నుమూశాడు. తర్వాత వచ్చిన ఎర్నెస్ట్ బూర్ ఇదే ఆర్కెస్ట్రాతో చేసిన రికార్డింగును స్టాన్లీ కుబ్రిక్ 1968లో '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' సినిమాలో వాడుకున్నాడు. అలా డొనావెషింగెన్ పేరైనా వినని లక్షల మంది ఈ ఆర్కెస్ట్రాను విన్నారు.

1986 నుంచి 1999 దాకా ప్రధాన కండక్టర్‌గా ఉన్న మిఖాయెల్ గీలెన్ కొత్త రచనలను వాయించే శ్రద్ధతోనే బీథోవెన్‌నూ మాలర్‌నూ వాయింపించాడు. ఆ రికార్డింగుల్లో ఒక్క స్వరమూ మసకబారదు.

తరువాతి కథ బాధాకరం. 1998లో సూడ్‌వెస్ట్‌ఫుంక్, స్టుట్‌గార్ట్ రేడియో సంస్థ కలిసి ఎస్‌డబ్ల్యూఆర్ అనే ఒకే సంస్థ అయ్యాయి. ఒక సంస్థకు రెండు సింఫనీ ఆర్కెస్ట్రాలు, ఇదీ స్టుట్‌గార్ట్‌దీ, భారమన్నారు. రెంటినీ కలిపేయాలని 2012లో తీర్మానించారు. దేశదేశాల కండక్టర్లు, స్వరకర్తలు, శ్రోతలు వద్దని మొరపెట్టుకున్నా ఆగలేదు. 2016 జూలైలో ఫ్రైబుర్గ్‌లో చివరి కచేరీ జరిగింది. ఆ శరదృతువులో స్టుట్‌గార్ట్ కేంద్రంగా కొత్త ఉమ్మడి ఆర్కెస్ట్రా మొదలైంది. అందులోనూ గొప్ప వాద్యకారులున్నారు, డొనావెషింగెన్ ఉత్సవమూ సాగుతోంది. అయినా అది తప్పుడు నిర్ణయమనే నా అభిప్రాయం. డెబ్బై ఏళ్లుగా ఒకరి శ్వాస ఒకరు విని వాయించిన అలవాటు పద్దుల పుస్తకంలో కనపడదు. పోగొట్టుకున్నాక కొనడానికీ దొరకదు.

ఇక నీ పని చెబుతాను. ముందు గీలెన్ నడిపిన మాలర్ సింఫనీ ఒకటి విను, చెవి కుదురుకుంటుంది. తర్వాత బూర్ 'అట్మోస్ఫియర్స్' విను. మొదటిసారి కళ్లు మూసుకుని, రెండోసారి స్కోరు ముందు పెట్టుకుని. నచ్చకపోతే నచ్చలేదనే చెప్పు, కానీ మూడుసార్లు వినకముందు తీర్పు చెప్పకు. రేపు నువ్వు ఏ సంగీత సంస్థలో చేరినా, అది ఎంత పాతదని అడగవద్దు. ఏ కొత్త రచనకు మొదటిసారి ప్రాణం పోసిందో అడుగు. సంస్థ విలువను కొలవడానికి అంతకంటే నమ్మకమైన ప్రశ్న లేదు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య