ప్రోస్టేటు గ్రంథి పెరుగుట – పెద్దకోత లేని చికిత్సలు

సామాయికమునకు కూర్చున్నవారు 48 నిమిషములు ఆసనము వీడరాదు. 60 ఏండ్లు దాటిన పెద్దలు కొందరు, నడుమ లేవవలసి వచ్చునేమో యను భయముచేత సామాయికమునే మానుకొనుచున్నారు. మరికొందరు కొలనుపాక యాత్రకు రమ్మన్నచో ఏదో సాకు చెప్పి ఇంటనే నిలిచిపోవుదురు. గల్లాపెట్టె ముందు కూర్చున్నవారు మాటిమాటికి లేచుటకు సిగ్గుపడి మూత్రమును బిగబట్టుదురు. అడిగినచో “వయస్సు మీదపడినది” అని సరిపెట్టుదురు. పెక్కుమారులు దీనికి కారణము ప్రోస్టేటు గ్రంథి. దీనికి చికిత్స కలదు. ఆ చికిత్సలలో కొన్నిటికి పెద్దకోత అవసరము లేదు.

గ్రంథి స్వభావము

ఈ గ్రంథి పురుషులకు మాత్రమే ఉండును. మూత్రాశయమునకు దిగువన, మూత్రనాళమును చుట్టుకొని యుండును. యౌవనమున అక్రోటుకాయంత, సుమారు 20 గ్రాముల బరువుండును. నడివయస్సు దాటిన పిదప క్రమముగా పెరుగును. 60 ఏండ్ల నాటికి ఇంచుమించు సగముమంది పురుషులలో ఈ పెరుగుదల కనబడును. అందరికిని బాధ కలుగదు. నాళము ఇరుకైనచో ధార సన్నబడును, రాత్రి పలుమారులు లేవవలసి వచ్చును, మూత్రాశయము ఖాళీ కానట్లు తోచును.

ఇది క్యాన్సరు కాదు, క్యాన్సరుగా మారదు. కాని రెండును ఒకే మనిషియందు ఉండవచ్చును గనుక, వైద్యుని పరీక్ష, మూత్రపరీక్ష, స్కానింగు, అవసరమైనచో పి.ఎస్.ఎ. అను రక్తపరీక్ష చేయించుకొనవలెను. మూత్రము హఠాత్తుగా బంధించినను, రక్తము పడినను, చలిజ్వరము వచ్చినను ఒక దినమైనను ఆగరాదు. ఏండ్ల తరబడి ఉపేక్షించినచో మూత్రపిండములు చెడవచ్చును.

మందులు, శస్త్రచికిత్స

బాధ స్వల్పమైనచో కొంతకాలము వేచిచూచుటయే చాలును. పిదప టామ్సులోసిన్ వంటి మందు కండరములను సడలించి కొలది దినములలో ఉపశమనము నిచ్చును. లేచి నిలుచునప్పుడు తల తిరుగవచ్చును. ఫినాస్టిరైడ్ గ్రంథిని కుదించును గాని ఆరు మాసములు పట్టును. మందులు చాలనిచో నాళము గుండా పరికరమును పంపి గ్రంథిని లోపలనుండి చెక్కివేయుట చిరకాలముగా జరుగుచున్న శస్త్రచికిత్స. ఇది దృఢమైన ఫలితము నిచ్చును. కాని పిదప పలువురికి వీర్యము వెలికి రాక మూత్రాశయములోనికి మరలును.

క్రొత్త పద్ధతులు

యూరోలిఫ్ట్: గ్రంథి తమ్మెలను చిన్న బంధనములతో ప్రక్కకు లాగి నాళమునకు దారి చేయుదురు. దేనిని కోయరు. అమెరికా ఆహార ఔషధ సంస్థ 2013లో దీనిని అనుమతించినది.

రెజూమ్: నీటి ఆవిరిని ఒక్కొక్కచోట 9 సెకండ్లు గ్రంథిలోనికి పంపుదురు. నశించిన కణములను శరీరమే క్రమముగా హరించును. కొన్ని దినములు మూత్రపు గొట్టము ఉంచవలసి రావచ్చును. పూర్తి ఫలితమునకు మూడు మాసములు పట్టవచ్చును.

రక్తనాళ చికిత్స: మణికట్టు లేక తొడమొదటి ధమని గుండా సన్నని గొట్టమును పంపి, గ్రంథికి పోవు రక్తనాళములలో సూక్ష్మమైన పూసలను నింపుదురు. రక్తము తగ్గి గ్రంథి కుదించుకొనును. ఈ పద్ధతిని తొలుత చేసిన బ్రెజిల్ వైద్యులు 2010లో ఫలితములు ప్రకటించిరి. సాధారణముగా మత్తిచ్చి నిద్రపుచ్చనక్కరలేదు గనుక శస్త్రచికిత్సకు తట్టుకొనలేని వృద్ధులకును, గ్రంథి మిక్కిలి పెరిగినవారికిని ఇది ఉపకరించును.

ఇవి అందరికిని తగినవి కావు. చెక్కివేయు శస్త్రచికిత్సతో పోల్చినచో వీని ఫలితము కొంత తక్కువ. కొన్నేండ్లకు మరల చికిత్స అవసరము కావచ్చును. మూత్రాశయమున రాళ్లున్నవారికి సాధారణముగా శస్త్రచికిత్సయే తగును.

వ్రతధారులు అడుగవలసినవి

రక్తనాళములలో నింపు పూసలలో ఒక రకము పందినుండి తీసిన జిలాటిన్‌తో కూడినది. పాలివినైల్ ఆల్కహాలు అను రసాయనముతో చేసిన రేణువులును కలవు. వానియందు జంతు పదార్థము లేదు. గొట్టములు మందుల పైతొడుగు తరచు జిలాటినే. టామ్సులోసిన్ బిళ్ళలుగా కూడ దొరకును. ముందే అడిగినచో వైద్యుడు మార్గము చెప్పగలడు. అడుగక, ఇంటికి వచ్చిన పిదప తెలిసి మందు మానివేయుట ప్రమాదకరము.

చౌవిహారము పాటించువారు పగటివేళ చాలినంత నీరు త్రాగవలెను. సూర్యాస్తమయము తరువాత త్రాగకుండుట రాత్రి లేచుటను తగ్గించుననుట నిజమే; కాని చికిత్స జరిగిన తొలి దినములలో వైద్యుడు ఎప్పటికప్పుడు నీరు త్రాగుమనవచ్చును. అందుచేత పర్యూషణ దినములకు, దీర్ఘ ఉపవాసములకు దూరముగా చికిత్స తేదీని నిర్ణయించుకొని, వ్రత విషయమున గురువులను ముందుగానే సంప్రదించవలెను. రక్తమును పలుచన చేయు మందులు వాడువారు ఆ సంగతి తప్పక చెప్పవలెను. తమంతట తాము మానరాదు. జలుబు బిళ్ళలు కొన్ని మూత్రమును బంధింపజేయును గనుక అడుగక మింగరాదు.

తండ్రి సిగ్గుపడి చెప్పనిచో కుమారుడే అడుగవలెను. సామాయికమునుండి ఆయన ఎందుకు లేచినాడో, యాత్రకు ఎందుకు రానన్నాడో గమనించువారు ఇంటిలోనే ఉన్నారు గదా!