లుకోచురి దర్వాజా: గౌడ నగర శిథిలాల్లో మొఘల్ ద్వారం

పశ్చిమ బెంగాల్‌లోని మాల్దా జిల్లాలో, బంగ్లాదేశ్ సరిహద్దు వెంబడి గౌడ నగర శిథిలాలు ఉన్నాయి. వీటిలో ఎక్కువ కట్టడాలు బెంగాల్ సుల్తానుల కాలానివి. లుకోచురి దర్వాజా మాత్రం మొఘల్ శైలి ఇటుక ద్వారం. ఈ తేడానే పరీక్షకు కీలకం.

ముఖ్యాంశాలు

• నిర్మాత: షాజహాన్ రెండో కుమారుడు, బెంగాల్ సుబేదారు షా షుజా. 1655లో కట్టించాడని ఎక్కువమంది చరిత్రకారుల అభిప్రాయం.

• ఉపయోగం: కోటకు తూర్పు వైపు రాజప్రవేశ ద్వారం.

• నిర్మాణం: రెండంతస్తులు. కమాను దారికి ఇరువైపులా కాపలాదారుల గదులు, పైన నగారాఖానా. గోడలపై సున్నపు పూత.

• సమీప కట్టడం: కదం రసూల్ (1531, సుల్తాన్ నస్రత్ షా).

• పొరబడవద్దు: ఇక్కడి దాఖిల్ దర్వాజా కూడా ఇటుకదే. కానీ అది 15వ శతాబ్దపు సుల్తానుల కట్టడం, కోట ఉత్తర ద్వారం.

నగర నేపథ్యం

సేన రాజుల కాలంలో ఇది లక్ష్మణావతి. 1538లో హుమాయూన్ జన్నతాబాద్ అని పేరు పెట్టాడు. 1575లో మహమ్మారి ప్రబలి, అక్బర్ సేనాని మునీం ఖాన్ సహా ఎందరో మరణించారు. గంగానది దూరంగా జరగడం కూడా నగర పతనానికి కారణమైంది.

మాదిరి ప్రశ్న: హుమాయూన్ జన్నతాబాద్‌గా పేరు మార్చిన నగరం ఏది?
జవాబు: గౌడ