కకావో కప్పులో చిటికెడు కారం

ప్రశ్న: మాది చిలకలూరిపేట. మా అమ్మాయి బెంగళూరు నుంచి ‘సెరిమోనియల్ కకావో’ అని ఓ ముద్ద తెచ్చింది. పాతకాలపు గింజలనీ, రైతుకు న్యాయమైన ధర ఇచ్చి కొన్నారనీ అట్ట మీద రాశారు. నాకు బీపీ ఉంది. రోజూ తాగొచ్చా?
— ఓ పాఠకురాలు

జవాబు: తాగొచ్చమ్మా, రోజూ మాత్రం వద్దు. ‘సెరిమోనియల్’ అనేది చట్టం ఇచ్చిన గ్రేడేమీ కాదు, అమ్మేవాళ్లు పెట్టుకున్న పేరు. కొవ్వు తియ్యకుండా కోకో గింజను మొత్తంగా నూరిన ముద్ద అది. దాదాపు సగం కొవ్వే. అందులోని థియోబ్రోమిన్, కాస్త కెఫీన్ కొందరికి గుండెదడ తెస్తాయి. 10 గ్రాములు వేణ్ణీళ్లలో చిలికి, పొద్దుటిపూట వారానికి రెండుసార్లు తాగి చూడండి. డిప్రెషన్ మందులు వాడుతుంటే డాక్టర్ని అడక్కుండా ముట్టొద్దు. రక్తం తక్కువగా ఉంటే భోజనంతో వద్దు, ఇనుము సరిగా ఒంటబట్టదు.

ఇక అట్ట మీది మాట. ఏ ఊరి తోట, ఏ ఏటి కోత, రైతుకు కిలోకి ఎంతిచ్చారు? ఈ మూడూ చెప్పకపోతే ‘న్యాయమైన ధర’ ఉత్త అలంకారమే. మన కోకో ఏలూరు, పశ్చిమ గోదావరి వైపు కొబ్బరి, పామాయిల్ తోటల నీడన పండుతుంది. మీ నల్లరేగడి నేలల ఎండకు ఆ చెట్టు నిలవదు. గింజల్ని చెక్కపెట్టెల్లో ఐదారు రోజులు పులియబెట్టి ఎండబెడతారు. కళ్లంలో మిరపకాయ సరిగా ఎండకపోతే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? ఇదీ అంతే. ముద్దలో బూజు వాసన వస్తే పారెయ్యండి.

మెక్సికో వైపు పూర్వీకులు దీన్ని మిరప వేసుకుని తాగేవారు. మన గుంటూరు మిరప పుట్టిల్లూ అటువైపే! మీరూ చిటికెడు కారం వేసుకోండి, బీపీ మాత్ర మాత్రం మానకండి.